అరవైల పాప్ పాటకు కవర్ పాడిందెవరు? గొంతు పట్టుకునే పద్ధతి

"పాట తెలుసు, ఒరిజినల్ కూడా తెలుసు. కానీ ఇక్కడ పాడుతున్నది వాళ్లు కాదు. మరి ఎవరు?" పాత ఇంగ్లీషు పాటలు వినేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని కవర్ అంటారు. ఒకరికి పేరు చెరిగిపోయిన ఎల్పీ దొరుకుతుంది, ఇంకొకరికి ఎవరో పంపిన ఎంపీ3. క్విజ్‌లో పది సెకన్ల ముక్క వినిపించి గాయకుడి పేరు చెప్పమంటారు. మూడు సందర్భాల్లోనూ చాలామంది కళ్లు మూసుకుని గొంతు విని, మొదట తట్టిన పేరు చెప్పేస్తారు. ఆ పేరు తప్పవడానికే అవకాశం ఎక్కువ.

గొంతును చివర్లో వినండి. ముందు పాట ఏది, రికార్డు వేగం సరిగా ఉందా, ఏ కాలంలో చేశారు, ఎలాంటి కంపెనీ చేసింది అన్నవి తేల్చుకోండి. ఆ నాలుగూ తేలేసరికి అనుమానితులు వందల నుంచి అయిదారుగురికి తగ్గుతారు. అప్పుడు గొంతు వింటే చెవి మోసపోవడం తగ్గుతుంది.

కావలసినవి

- వైరున్న మామూలు హెడ్‌ఫోన్. బేస్ పెంచి వినిపించే రకం వద్దు. ఫోన్ స్పీకర్ మీద ఊపిరి శబ్దాలు, పదాల చివర్లు వినబడవు.
- ఆడాసిటీ, కంప్యూటర్‌లో ఆడియో సరిచేసే సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది. ముక్కలు కోయడానికి, ఒకే మాటను తిప్పి తిప్పి వినడానికి, వేగం సరిచేయడానికి.
- శ్రుతి చూసుకోవడానికి కీబోర్డు గానీ, ఫోన్‌లో ట్యూనర్ యాప్ గానీ.
- అనుమానితులు పాడినట్టు ఖాయంగా తెలిసిన పాటలు, ఒక్కొక్కరివి కనీసం మూడు. అవి మీ పాట కాలానికి రెండు మూడేళ్లు అటూ ఇటూగా ఉండాలి. 1964లో పాడిన గొంతును 1985 నాటి కచేరీతో పోల్చకూడదు.
- వెతకడానికి ఈ వెబ్‌సైట్లు: సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్ (ఏ పాటను ఎవరెవరు పాడారో), డిస్కాగ్స్, 45క్యాట్ (లేబుల్ ఫోటోలు, నంబర్లు), వరల్డ్ రేడియో హిస్టరీ (పాత సంగీత పత్రికల స్కాన్లు).
- ఒక నోట్‌బుక్. విన్నది విన్నట్టు రాసుకోకపోతే రెండో రోజుకి జ్ఞాపకం తనకు నచ్చినట్టు మారిపోతుంది.

మొదలుపెట్టే ముందే షజామ్ (పాట విని పేరు చెప్పే యాప్) ఒకసారి ప్రయత్నించండి. పేరు వచ్చినా పని అయిపోలేదు. చౌక సంకలనాల్లో తప్పు పేరుతో ఎక్కించిన ట్రాకులుంటే, అది ఆ తప్పు పేరే చెబుతుంది.

1. పాట వంశవృక్షం గీయండి

అందరికీ తెలిసిన వెర్షనే ఒరిజినల్ అనుకోవద్దు. ‘టెయింటెడ్ లవ్’ అనగానే 1981 నాటి సాఫ్ట్ సెల్ గుర్తొస్తారు, కానీ 1965లో ముందు విడుదలైంది గ్లోరియా జోన్స్ గొంతులో. ‘రెస్పెక్ట్’ను 1965లో ఓటిస్ రెడ్డింగ్ పాడితే 1967లో అరీతా ఫ్రాంక్లిన్ తనదిగా చేసుకుంది. పాట పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా పలికే భాగం ఆమె వెర్షన్‌లో వచ్చిందే. మీ ట్రాకులో అది వినిపించిందంటే పాడుతున్నవాళ్లు అరీతా వెర్షన్ విని పాడుతున్నారు, ఓటిస్‌ది కాదు. అంటే రికార్డు 1967కి ముందుది కాదు. ఇలా ఏ వెర్షన్ నుంచి ఏది పుట్టిందో చూస్తే గొంతు వినకుండానే కాలానికి ఒక హద్దు దొరుకుతుంది.

విడుదలైన వరస, రికార్డు చేసిన వరస వేరుగా ఉండొచ్చు. ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ గ్లాడిస్ నైట్ గొంతులో 1967లో బయటికొచ్చింది, మార్విన్ గే సింగిల్ 1968లో. స్టూడియోలో మాత్రం మార్విన్ గేదే ముందు. నోట్‌బుక్‌లో రెండు తేదీలకూ రెండు గళ్లు పెట్టండి.

పాట రాసినవాళ్లను కూడా అనుమానితుల్లో చేర్చండి. ‘ఐ యామ్ ఎ బిలీవర్’ను 1966లో మంకీస్ పాడారు. రాసిన నీల్ డైమండ్ కూడా తర్వాత పాడాడు. ‘విల్ యూ లవ్ మీ టుమారో’ రాసినవారిలో ఒకరైన కారోల్ కింగ్ 1971లో తానే పాడింది.

2. వేగం సరిచేయండి

దీన్ని దాటేసినవాళ్లే తప్పు పేర్లు చెబుతారు. రికార్డ్ ప్లేయర్ లేదా క్యాసెట్ కొంచెం వేగంగా తిరిగితే శ్రుతి పెరగడమే కాదు, గొంతు స్వభావమే సన్నబడుతుంది. నడివయసు మనిషి కుర్రాడిలా వినిపిస్తాడు. వేగం సుమారు 6 శాతం మారితే శ్రుతి ఒక స్వరస్థానం మారుతుంది. 3 శాతం మారితే పాట రెండు స్వరస్థానాల మధ్య చిక్కుకుంటుంది.

పియానో లేదా ఆర్గన్ వినిపించే చోట ఒక స్వరం పట్టుకుని ట్యూనర్‌తో చూడండి. పాట మొత్తం సరిగ్గా స్వరానికీ స్వరానికీ మధ్య నిలబడితే వేగం తప్పి ఉండొచ్చు. ఆడాసిటీలో వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడండి. శ్రుతి ఒక్కటే, లేదా వేగం ఒక్కటే మార్చే ఎఫెక్టులు ఇక్కడ పనికిరావు. టేపు, టర్న్‌టేబుల్ చేసే తప్పులో రెండూ కలిసే మారతాయి.

జాగ్రత్త: కొన్ని రికార్డుల్లో వేగాన్ని స్టూడియోలో కావాలనే పెంచారు. 1967 నాటి బీటిల్స్ పాట ‘వెన్ ఐ యామ్ సిక్స్టీ ఫోర్’లో మెకార్ట్‌నీ గొంతు కుర్రగా వినిపించాలని టేపు వేగం పెంచారు. కాబట్టి శ్రుతి కుదరనంత మాత్రాన సరిచేసిన ఫైలునే నమ్ముకోవద్దు. రెండూ ఉంచుకుని రెండిట్లోనూ వినండి.

3. ఏ కాలపు చప్పుడో చూడండి

గాయకుణ్ణి పక్కనపెట్టి డ్రమ్ములు వినండి. దెబ్బ పెద్దగా మోగి గోడకు కొట్టుకున్నట్టు ఠక్కున ఆగితే అది గేటెడ్ రివర్బ్, 1980ల మొదట్లో వచ్చిన పద్ధతి. గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు దిగినట్టు, మధ్యలో జారుడు లేకుండా మారితే ఆటో-ట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్). అది మార్కెట్లోకి వచ్చింది 1997లో. గాయకుడు పూర్తిగా ఒక చెవిలో, వాద్యాలు ఇంకో చెవిలో ఉంటే అరవైల స్టీరియో మిక్స్ అయ్యే అవకాశం బాగా ఉంది. తాళం మొదటి నుంచి చివరి దాకా వెంట్రుకవాసి కదలకపోతే క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా వాద్యకారుల చెవిలో వినిపించే టక్ టక్) లేదా డ్రమ్ మెషీన్. అరవైల బ్యాండ్లు పల్లవి దగ్గర కొంచెం ఉరుకుతాయి.

కావాలని పాత చప్పుడు తెచ్చినవీ ఉన్నాయి. ఫిల్ కాలిన్స్ 1982లో పాడిన ‘యూ కాంట్ హర్రీ లవ్’ 1966 నాటి సుప్రీమ్స్ వెర్షన్‌కు, దాన్ని తెచ్చిన మోటౌన్ కంపెనీ వాద్యగోష్ఠికి దగ్గరగా ఉండేలా చేసినది. అందుకని చప్పుడు కొత్తగా ఉంటే పాతది కాదని గట్టిగా చెప్పొచ్చు, పాతగా ఉంటే కొత్తది కాదని మాత్రం చెప్పలేం.

4. ఏ తరహా కంపెనీ?

పేరున్న గాయకుడు కవర్ చేస్తే పాటను మారుస్తాడు. 1967లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో హాయిగా పాడేసిన ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ను 1968లో జో కాకర్ నెమ్మదిగా, నడకే మార్చి, అరుపుల దాకా తీసుకెళ్లాడు. అలాంటివి పట్టుకోవడం తేలిక.

మీ ట్రాకు ఒరిజినల్‌కు అక్షరం అక్షరం నకలులా ఉండి, వాద్యాలు మాత్రం ఒకటి రెండు తక్కువైతే, అది చౌక లేబుల్ (రికార్డు బ్రాండ్) సరుకు అయ్యుండొచ్చు. బ్రిటన్‌లో వూల్‌వర్త్స్ దుకాణాల్లో అమ్మిన ఎంబసీ లేబుల్ 1954 నుంచి 1965 దాకా ఈ పనే చేసింది. హిట్ పాట బయటికి రాగానే స్టూడియో గాయకులతో అదే పాట పాడించి తక్కువ ధరకు అమ్మేది. తయారీ ఓరియోల్ కంపెనీది. బీటిల్స్ పాటలకు ‘ద టైఫూన్స్’ అని వేసేవారు. అలాంటి బృందం వీధిలో ఎక్కడా లేదు. ఆ పేరు వెనక పాడినవారిలో రే పిల్‌గ్రిమ్ ఒకడు. ‘రెడ్ వేన్’ అన్న పేరు వెనక ఉన్నది మైక్ రెడ్‌వే. అమెరికాలో నాష్‌విల్‌కు చెందిన హిట్ రికార్డ్స్ 1962 నుంచి ఇదే దారిలో నడిచింది. 1968లో బ్రిటన్‌లో పిక్‌విక్ సంస్థ హాల్‌మార్క్ లేబుల్ మీద ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ ఎల్పీ వరస మొదలుపెట్టింది. అదే పేరున్న బీబీసీ కార్యక్రమంతో దానికి సంబంధం లేదు, అట్ట మీద గాయకుల పేర్లుండవు. ఆ సిరీస్ 18వ సంపుటం 1971లో బ్రిటిష్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. పేరు లేని గాయకులు దేశమంతా మోగారన్నమాట.

ఈ గుంపులో పెద్దవాళ్లూ ఉన్నారు. ఎల్టన్ జాన్ తన పేరు మోగకముందు, 1969-70ల్లో, ఇలాంటి చౌక లేబుళ్లకు ఇతరుల హిట్లు పాడాడు. తర్వాత యురయా హీప్ గాయకుడైన డేవిడ్ బైరన్ కూడా. అందుకే నకలు రికార్డు వినగానే "ఎవరో అనామకుడు" అని వదిలేయకండి.

దీనికి తిరకాసు కేసు: అసలు గాయకుడే వేరే పేరుతో పాడటం. జాంబీస్ 1964 పాట ‘షీ ఈజ్ నాట్ దేర్’ను 1969లో నీల్ మెకార్థర్ అనే పేరుతో పాడింది అదే బృందపు గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్. 1965లో బాబ్ డిలన్ పాటను ‘ద వండర్ హూ?’ పేరుతో కవర్ చేసింది ఫోర్ సీజన్స్, ఆ వింత పైస్థాయి గొంతు ఫ్రాంకీ వాలీది. లేబుల్ మీది పేరే అబద్ధమైన రికార్డులూ ఉన్నాయి. 1962 నాటి ‘హీ ఈజ్ ఎ రెబెల్’ క్రిస్టల్స్ పేరుతో వచ్చింది, పాడింది డార్లీన్ లవ్, బ్లాసమ్స్.

మీ చేతిలో ఉన్నది భారతీయ ప్రెస్సింగ్ (ఇక్కడ అచ్చు వేసిన డిస్కు) అయితే ఒక మాట. కలకత్తా డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ అచ్చు వేసిన డిస్కుల మీది ఏడాది, అసలు రికార్డింగ్ ఏడాది ఒకటే కానక్కర్లేదు. లేబుల్ పక్కన ఖాళీ మైనంలా మెరిసే భాగంలో గీసి ఉన్న మ్యాట్రిక్స్ నంబరును (అచ్చుమూసకు ఇచ్చే గుర్తింపు నంబరు) టార్చి ఏటవాలుగా వేసి చదవండి. డిస్కాగ్స్‌లో ఆ నంబరుతో వెతికితే విదేశీ ముద్రణ దొరకొచ్చు, తేదీ అక్కడ చూసుకోవచ్చు.

5. గొంతును విడదీయండి

స్టీరియోలో గాయకుడు ఒక పక్కే ఉంటే రెండో చానెల్ ఆపేస్తే చాలు. మధ్యలో ఉంటే ఆడాసిటీలో గొంతు వేరుచేసే ఎఫెక్ట్ వాడండి. మోనో రికార్డుకు ఇది పనిచేయదు, రెండు చానెళ్లలో ఉన్నది ఒకటే కదా. అప్పుడు డెమక్స్ లాంటి ఏఐ పనిముట్లు వాడొచ్చు.

అయితే అవి విడదీసిన గొంతులో ‘స’, ‘ష’, ‘ఫ’ శబ్దాలు చెదురుతాయి, ఊపిరి మాయమవుతుంది, లేని కంపన (వైబ్రాటో) కూడా చేరుతుంది. స్వరాలు, పదాల ఉచ్చారణ విడదీసిన ఫైలులో వినండి. ఊపిరి, సకారాలు మాత్రం అసలు ఫైలులోనే వినండి.

6. గాయకుడు దాచలేనివి వినండి

అనుకరించేవాడు జనం గమనించేవాటిని అనుకరిస్తాడు: బొంగురు, అరుపు, పెద్ద మలుపు. జనం గమనించనివి అతనికీ గుర్తుండవు, అక్కడే దొరుకుతాడు. బాలసుబ్రహ్మణ్యం ఎన్టీఆర్‌కో అల్లు రామలింగయ్యకో గొంతు మార్చి పాడినా మనం పట్టేసేది ఈ దారినే. ఆ చెవి మీకు ముందే ఉంది, ఇంగ్లీషు పాట మీద వాడాలంతే.

ఒక్కోసారి ఒక్క అంశమే పెట్టుకుని పాట మొత్తం వినండి. అన్నీ ఒకేసారి వినబోతే ఏదీ దక్కదు.

- ‘కాంట్’ అనే మాట. దీర్ఘంగా ‘కాంట్’ అని వినబడితే అమెరికా గాయకుడు కాడని దాదాపు ఖాయం. ‘క్యాంట్’ అని వినబడితే ఏమీ తేలదు, అరవైల్లో బ్రిటిష్ గాయకులు చాలామంది అమెరికన్ యాసలోనే పాడేవారు.
- రెండు అచ్చుల మధ్య టకారం. ‘బెటర్’ అన్నది ‘బెడర్’లా మెత్తబడితే అమెరికన్ పలుకు. తెచ్చిపెట్టుకున్న యాసలో ఇది పల్లవిలో మెత్తగా ఉండి, చరణంలో హడావిడి మాటల దగ్గర గట్టి ‘ట’ అయిపోతుంది. ఈ తేడా దొరికితే రాసుకోండి, చాలా విలువైనది.
- ‘లవ్’, ‘కమ్’ మాటల్లో అకారం ఉకారం వైపు వాలితే ఉత్తర ఇంగ్లండ్ మనిషి అయ్యుండొచ్చు.
- స్వరంలోకి వచ్చే తీరు. కింద నుంచి జారుతూ ఎక్కుతాడా, నేరుగా పడతాడా?
- కంపన ఎప్పుడు మొదలవుతుంది? స్వరం అందుకోగానేనా, నిలిపిన తర్వాత చివర్లోనా? దీన్ని మార్చుకోవడం గాయకులకు చాలా కష్టం. నేనైతే అన్నింటికంటే దీన్నే ఎక్కువగా నమ్ముతాను.
- పాదం చివర. తెంచేస్తాడా, గాలి వదులుతూ ముగిస్తాడా, స్వరాన్ని కిందికి జారనిస్తాడా?
- ఊపిరి ఎక్కడ తీస్తాడు? పొడుగు పాదాన్ని ఒకే ఊపిరిలో లాగుతాడా, మధ్యలో మాట విరిచి తీస్తాడా?
- మామూలు గొంతు నుంచి దొంగగొంతులోకి (ఫాల్సెట్టో) ఏ స్వరం దగ్గర మారతాడు? కీబోర్డు మీద ఆ స్వరం పట్టుకుని రాసుకోండి. వేగం సరిచేశాకే ఈ పని.

మొదటి చరణం మీద ఎక్కువసేపు ఉండకండి. అనుకరణ అక్కడే గట్టిగా ఉంటుంది. రెండో చరణం, ముఖ్యంగా పాట సన్నగిల్లుతూ ముగిసే చివరి ఇరవై సెకన్లు చూడండి. రాసిపెట్టిన మాటలు అయిపోయి ‘యే’, ‘ఓ’ అంటూ పాడే చోట సొంత అలవాట్లు బయటపడతాయి.

క్విజ్‌లో ఇంత వ్యవధి ఉండదు. అప్పుడు మూడే చూడండి: డ్రమ్ముల కాలం, పాటను మార్చారా నకలు చేశారా, పాదం చివర ఏం చేశారు. ముందు దశాబ్దం చెప్పుకోండి, తర్వాత ఆడా మగా, తర్వాత దేశం, ఆఖర్న పేరు.

7. ముగ్గురికి కుదించి, కళ్లుకట్టి పరీక్షించండి

అనుమానితులను ముగ్గురికి తగ్గించండి. ఆ ఏడాదికి ఎవరు ఏ కంపెనీ ఒప్పందంలో ఉన్నారో, ఏ దేశంలో ఉన్నారో చూస్తే కొందరు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. ఒప్పందం ఉన్నంత మాత్రాన పూర్తిగా కొట్టేయకండి, మారుపేర్లు పుట్టిందే అందుకు.

ఇక పరీక్ష. ముగ్గురి నుంచి తలా రెండు ముక్కలు, మీ ట్రాకు నుంచి రెండు, మొత్తం ఎనిమిది. ఒక్కోటి అయిదు సెకన్లు. అన్నిట్లోనూ ఒకే మాట, లేదా కనీసం ఒకే అచ్చు ఉండాలి. శబ్దం స్థాయి సమానం చేయండి, బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ మెరుగ్గా తోస్తుంది. ఇంట్లో ఎవరిచేతనైనా ఫైళ్లకు అంకెలు పెట్టించి కలిపేయండి. ఏది ఎవరిదో చూడకుండా, ఒకే గొంతు అనిపించినవాటిని గుంపులుగా కట్టండి.

ముందు చూడాల్సింది మీ ట్రాకు ముక్కలు రెండూ ఒకే గుంపులో పడ్డాయా లేదా అని. పడకపోతే ఆ రోజుకు ఫలితం పక్కన పెట్టండి. పడి, ఆ గుంపులో ఒక అనుమానితుడి ముక్కలు కూడా ఉంటే ఇంకో రోజు కొత్త ముక్కలతో మళ్లీ చేయండి. రెండుసార్లూ అదే పేరు వస్తేనే ముందుకు వెళ్లండి. ముగ్గురిలో ఎవరి దగ్గరా చేరకపోతే మీ జాబితాలో అతను లేడన్నమాట. నాలుగో అంకానికి తిరిగి వెళ్లండి.

8. కాగితం మీద రుజువు

చెవి చెప్పింది సాక్ష్యంలో సగమే. లేబుల్ ఫోటో, పాటల రచయితల పేర్లు, మ్యాట్రిక్స్ నంబరు, ఆ వారం సంగీత పత్రికలో సమీక్ష, గాయకుడు స్వయంగా చెప్పిన ఇంటర్వ్యూ, వీటిలో కనీసం ఒకటి కలవాలి. డిస్కాగ్స్‌లో వివరాలు వాడుకదారులు రాసేవే. "పాడింది ఫలానా" అని ఉంటే ఆ మాట అట్ట మీద ఉందా, ఎవరో చేర్చారా అని ఫోటోలతో సరిచూడండి. నాలుగు చోట్ల ఒకే వాక్యం అచ్చంగా కనిపిస్తే అవి నాలుగు సాక్ష్యాలు కావు, ఒకదాన్ని చూసి మరొకటి ఎక్కించుకున్నవి.

ఎక్కువమంది పడే గోతులు

ఫైలు పేరు నమ్మడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎంపీ3 పాటలు ఇంటర్నెట్‌లో చేతులు మారిన కాలంలో బొంగురు గొంతు ప్రతిదీ జో కాకర్‌దైంది. ఫైలు పేరు చూశాక చెవి ఆ పేరునే వింటుంది. అందుకని వినే ముందే ఎవరిచేతనైనా పేరు తీసేయించండి.

రెండోది, పాత గాయకులు తమ హిట్లనే ఏళ్ల తర్వాత మళ్లీ పాడి ఇచ్చిన రికార్డులను కవర్లనుకోవడం. చౌక సంకలనాల్లో ఇవి బోలెడు. అట్ట మీద చిన్న అక్షరాల్లో ‘రీ-రికార్డెడ్’ అని ఉందేమో చూడండి. గొంతు అతనిదే, శ్రుతి మాత్రం ఒకటి రెండు స్వరస్థానాలు కిందికి దిగి, పై స్వరాలు తప్పించుకుంటూ ఉంటే ఇదే అనుమానించండి. ‘ఇన్ ద స్టైల్ ఆఫ్’ అని ఉంటే మాత్రం కరోకే కంపెనీ సరుకు, ఆ పేరున్న గాయకుడు అందులో ఉండడు.

మూడోది, ప్రధాన గొంతునూ వెనక గొంతులనూ కలిపేయడం. పల్లవిలో రెండు మూడు గొంతులు కలిసే చోట ముక్క కోస్తే పరీక్ష మొత్తం పాడవుతుంది. ఒక్కరే రెండుసార్లు పాడి కలిపిన ట్రాకులో కంపన మసకబడుతుంది కూడా. ఒంటి గొంతు ఉన్న చోటే కోయండి.

ఇక చేయి తిరగడానికి, జవాబు ముందే తెలిసిన జతతో సాధన చేయండి. బ్లన్‌స్టోన్ పాడిన 1964, 1969 వెర్షన్లు రెండూ తెచ్చుకుని ఆరో అంకంలోని అంశాలన్నీ వరసగా రాయండి. అయిదేళ్లలో ఒకే మనిషిలో ఏవి మారాయో, ఏవి మారలేదో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఆ మారనివే తర్వాతి పాటకు మీ కొలతలు.

పేరు ప్రకటించేటప్పుడు దాని పక్కన మూడు మాటల్లో ఒకటి తప్పక రాయండి: ‘రుజువైంది’, ‘బలమైన అనుమానం’, ‘ఊహ’. కాగితం దొరకనిదాన్ని ‘రుజువైంది’ అని రాయొద్దు. పిల్‌గ్రిమ్, రెడ్‌వే లాంటివాళ్లు ఏళ్లకేళ్లు తమవి కాని పేర్ల కింద పాడారు. మీరు రాసిన తప్పు పేరును రేపు ఇంకొకరు ఎక్కించుకుంటే, ఆ పాట పాడిన మనిషికి రావలసిన పేరు ఇంకోసారి వేరేవాళ్లకు పోతుంది.